పేరు కింద రెండు పంక్తులు

విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల పరిచయం వేసేటప్పుడు పేరు కింద ఒకటి రెండు పంక్తులు రాస్తారు. ఆయనో ఆవిడో దేని మీద పరిశోధన చేస్తున్నారో చెప్పే పంక్తులవి. వ్యవసాయ సంబంధాలు, ఆరోగ్యం. విజ్ఞానశాస్త్రం, సమాజం. వలసలు, స్త్రీలు. మన కళ్లు వాటి మీద నిలవవు. పేరు చూస్తాం, డిగ్రీలు చూస్తాం, ముందుకు వెళ్లిపోతాం.

కాస్త ఆగి చదివితే మాత్రం ముచ్చటేస్తుంది. లోకంలో ఇన్ని సంగతులుండగా ఒక మనిషి మనసు ఒక్కదాని దగ్గరే ఏళ్ల తరబడి కుదురుకోవడం చిన్న విషయమా? డబ్బు కోసమైతే ఇంతకన్నా సులువైన దారులు బోలెడున్నాయి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సోషియాలజీ విభాగాన్నే చూడండి. అక్కడ చాలాకాలం పాఠాలు చెప్పిన ఇ. హరిబాబు శాస్త్రవేత్తల ప్రపంచాన్నీ, బయోటెక్నాలజీనీ సమాజం వైపు నుంచి చూశారు. పురేంద్ర ప్రసాద్ ఆసక్తి ఒక పక్క సాగు, ఇంకో పక్క వైద్యం. అప్పుచేసి పంట పెట్టే ఇంట్లో జబ్బు చేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఆ రెండూ వేరు వేరు సంగతులుగా కనిపించవు.

అపర్ణ రాయప్రోలు అమెరికాలోని పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లారు. పరాయి దేశంలో మన ఆడవాళ్లు గుడి పనుల్లో పాలుపంచుకుంటూ తమకంటూ ఒక చోటు ఎలా సంపాదించుకున్నారో గమనించి, 1997లో పుస్తకంగా తెచ్చారు. తెనాలిలోనో రేపల్లెలోనో, కూతుర్ని అమెరికా పంపిన తల్లికి ఆ పుస్తకం సంగతి చెప్పి చూడండి. ‘మా అమ్మాయి కూడా వారం వారం గుడికి వెళ్తుందమ్మా’ అని మొదలుపెడుతుంది. సగం పరిశోధన ఆవిడే చేసేసి ఉంటుంది.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లలో ఎస్.సి. దూబే ఒకరు. ఉస్మానియాలో పనిచేస్తున్న రోజుల్లో, 1951-52 ప్రాంతంలో, ఆయన విద్యార్థుల్నీ, వైద్యం, వ్యవసాయం, పశువైద్యం తెలిసినవాళ్లనీ వెంటబెట్టుకుని శామీర్‌పేట వెళ్లారు. ఇవాళ అది నగరంలో ఇంచుమించు కలిసిపోయింది గానీ, అప్పుడది ఒట్టి పల్లెటూరు. 1955లో ‘ఇండియన్ విలేజ్’ పేరుతో ఆయన పుస్తకం వచ్చాక, ఒక తెలంగాణ పల్లె జీవితం దేశదేశాల సోషియాలజీ తరగతుల్లోకి వెళ్లింది. శామీర్‌పేటలో దుక్కి దున్నుకునే రైతుకు ఆ సంగతి తెలిసి ఉండదు.

ఎం.ఎన్. శ్రీనివాస్ కథ ఇంకా విచిత్రం. మైసూరు దగ్గర, పుస్తకంలో రాంపుర అని ఆయన పేరు పెట్టుకున్న ఊళ్లో 1948లో మకాం పెట్టి వివరాలన్నీ రాసుకున్నారు. 1970లో ఆయన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా, పనిచేసుకునే చోటికి ఎవరో నిప్పు పెట్టారు. ఏళ్ల తరబడి సరిచేసి పెట్టుకున్న నోట్సు ప్రతులు కాలిపోయాయి. ఇంకొకరైతే కుప్పకూలిపోయేవారు. ఆయన జ్ఞాపకాన్నే నమ్ముకుని రాశారు. 1976లో వచ్చిన ‘ది రిమెంబర్డ్ విలేజ్’ అదే. ఇరవై ఏళ్లు దాటినా ఊరి మనుషుల మాటా, కోపమూ, హాస్యమూ అందులో చెక్కుచెదరలేదు.

అదే పుస్తకంలో ఆయన ఇంకో మాట కూడా దాచుకోకుండా చెప్పారు. తన మకాం ఊరిపెద్ద చోట కావడంతో, ఊరిని ఎక్కువగా పై కులాలవాళ్ల వైపు నుంచే చూశానన్నారు. అంత పేరున్న మనిషి ఆ మాట రాసుకోవడం చూస్తే ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

మకాం ఎక్కడన్నది ఎంత పెద్ద విషయమో కారంచేడు గురించి ఆలోచిస్తే తెలుస్తుంది. చీరాల పక్కన, సాగుబడికీ చదువుకీ కలిమికీ పేరున్న ఊరు. 1985కు ముందు ఎవరైనా పరిశోధకుడు వచ్చి మేడ వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చుంటే, దిగుబడుల గురించీ, పట్నాలకు తరలే పెట్టుబడుల గురించీ నోట్సు నింపుకుని వెళ్లేవాడు. అవన్నీ నిజాలే. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు నీళ్ల దాకా ఆ నోట్సు వెళ్లేదా అన్నదే అనుమానం.

ఆ నీళ్ల దగ్గరే మొదలైంది. 1985 జులై 16న, తాము తాగే నీళ్లలో గేదెల కుడితి బకెట్లు కడగవద్దని మాదిగపల్లె వాళ్లు అన్నందుకు గొడవ జరిగింది. మంచినీళ్లకు వచ్చిన ఒక స్త్రీ తన మీద పడబోయే దెబ్బను బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు మేడల వైపు నుంచి పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు మగవాళ్లను చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్లు కట్టుబట్టలతో చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మళ్లీ ఊరికి పోలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ వాళ్ల ఊరైంది. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచి 2008 డిసెంబరులో తేలింది.

పన్నులు కట్టలేమంటూ చీరాల, పేరాల జనం 1921లో ఇళ్లు వదిలి రామ్‌నగర్ కట్టుకున్న కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అరవై నాలుగేళ్ల తర్వాత అదే చీరాలకు నడిచివచ్చిన ఈ కుటుంబాల కథ కూడా పిల్లలకు అంతగానూ తెలియాలనిపిస్తుంది.

ఆ రోజుల్లో ఈ జనం తరఫున నిలబడి మాట్లాడినవాళ్లను తలుచుకుంటే ఒకటి తోస్తుంది. కత్తి పద్మారావు పొన్నూరులో సంస్కృతం పాఠాలు చెప్పే మాస్టారు. బొజ్జా తారకం కవి, వకీలు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టడం వెనక వీళ్లిద్దరూ ఉన్నారు. కారంచేడు మీద ఎంతో లోతుగా రాసిన బాలగోపాల్ అప్పటిదాకా కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పారు. ముగ్గురిలో ఒక్కరూ సోషియాలజీ మాస్టారు కాదు. అయినా తెలుగునాట ఆ శాస్త్రం వేసుకునే ప్రశ్నలే వాళ్ల వల్ల మారాయి. ఆరేళ్లకు, 1991 ఆగస్టులో, తెనాలి దగ్గర చుండూరులో మళ్లీ దళితుల నెత్తురు పారినప్పుడు వసంత కన్నబిరాన్, కల్పనా కన్నబిరాన్ కులాన్నీ ఆడవాళ్ల బతుకునూ కలిపి చూస్తూ రాశారు. కల్పన సోషియాలజిస్టు.

బాపట్ల దాటాక రైలు స్టూవర్టుపురం మీదుగా పోతుంది. ఆ పేరు వినగానే మనకు తట్టేదేమిటో చెప్పనక్కర్లేదు. ఢిల్లీలో సోషియాలజీ బోధించిన మీనా రాధాకృష్ణ పాత రికార్డులు తిరగేసి, ఎరుకలవాళ్ల మీద బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థులన్న ముద్ర ఎలా వేసిందో, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటుకూ చీరాల పొగాకు ఫ్యాక్టరీ కూలికీ ఉన్న లంకె ఏమిటో రాశారు. ఆ పుస్తకం చదివాక ఆ స్టేషను బోర్డును చూసే చూపు మారుతుంది.

ఇప్పుడు సోషియాలజీ తరగతుల్లో కూర్చునే పిల్లల్లో ఎంతోమంది ఇంట్లో తొలిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లు. ఈ అంశమే ఎందుకు తీసుకున్నావని అడిగితే ‘మా ఊరు సార్’ అంటారు. వాళ్లకు ఊళ్లో మకాం వెతుక్కునే పని లేదు. నాయనమ్మ ఎవరి పెరట్లో నిలబడి మజ్జిగ పోయించుకునేదో, పొగాకు గ్రేడింగుకు పోయిన అమ్మ సాయంత్రం ఎలా దగ్గేదో పుస్తకంలో చూసి నేర్చుకోనక్కర్లేదు. ఆ పిల్లలు అడిగే ప్రశ్నలు దూబేకీ, శ్రీనివాస్‌కీ తోచి ఉండవు.

విజయనగర్ కాలనీలో పుట్టినవాళ్లలో పెద్దవాళ్లకు ఇప్పుడు నలభై దగ్గరపడుతోంది. కారంచేడు వాళ్లు పుట్టని ఊరు. మీది ఏ ఊరని అడిగితే ఏం చెబుతారు? పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఆ పేరు వస్తుందా? తాతల కథ పిల్లలకు ఎవరు చెబుతున్నారు, ఎంతవరకు చెప్పి ఊరుకుంటున్నారు? అటు కారంచేడు మేడల్లో పుట్టి ఏ హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో స్థిరపడ్డ పిల్లలు ఆ జులై గురించి ఇంట్లో ఏం విన్నారు? రెండు వైపులా వెళ్లి, తొందరపడకుండా కూర్చుని అడగవలసిన ప్రశ్నలివి. బాపట్ల జిల్లా పిల్లలెవరైనా ఇందుకు పూనుకుంటే, ఆ సిద్ధాంత గ్రంథాన్ని మొదటి పేజీ నుంచి చదవాలని మాకు ఎంతో ఆశగా ఉంది.