ముప్పై పేజీల షౌక్

ఏదైనా తారీఖ్ కితాబు మీద గొడవ లేచిందంటే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఒక్కటే. ‘ఆ లఫ్డా మనకెందుకు బేటా, పరీక్షల పుస్తకాలు చదువుకో.’ వాళ్ల ఖౌఫ్ నాకు అర్థమవుతుంది. మన ఇంట్లో ఏ పుస్తకం కనిపించినా దానికో మతలబ్ తీసే జమానా ఇది. అయినా నేను ఉల్టా చెబుతాను. పిల్లలకు ముతాలా షౌక్ పుట్టాలంటే అందరూ మెచ్చిన పుస్తకం కాదు, బహస్ పుట్టించిన పుస్తకం చేతికివ్వండి.

నన్ను చదువరిని చేసింది అలాంటి కితాబే. మౌలానా అబుల్ కలాం ఆజాద్ ‘ఇండియా విన్స్ ఫ్రీడం’.

ఉర్దూ మీడియం బడిలో మౌలానా అంటే మాకు గోడ మీది తస్వీర్. ఎత్తు టోపీ, షేర్వానీ, కురచ గడ్డం. మక్కాలో పుట్టారు, 1912లో ‘అల్ హిలాల్’ పెట్టారు, స్వతంత్ర భారతదేశానికి తొలి విద్యామంత్రి అయ్యారు. పరీక్షలో రాసేశాం, మర్చిపోయాం. ఎహతెరాం బోలెడంత ఉండేది గానీ ఆయన రాసింది చదవాలని ఎవరికీ అనిపించలేదు.

డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఓ క్లాస్‌మేట్ అన్నాడు: ‘మీ మౌలానా నెహ్రూని తప్పుపట్టాడంట కదా, ముప్పై పేజీలు సీలు వేసి దాచారంట.’ ఆ ‘మీ మౌలానా’ అన్న మాట గుచ్చుకుంది. జిద్దు కొద్దీ లైబ్రరీకి వెళ్లాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకు నాలుగైదు పేజీలు.

సీలు మాట నిజమే. మౌలానా ఉర్దూలో చెబుతుంటే హుమాయూన్ కబీర్ ఇంగ్లీషులో రాశారు. 1958 ఫిబ్రవరిలో మౌలానా ఇంతిఖాల్ అయ్యారు, మరుసటి ఏడాది పుస్తకం వచ్చింది. ఓ ముప్పై పేజీలు మాత్రం 30 ఏళ్లపాటు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో, కలకత్తా నేషనల్ లైబ్రరీలో అమానత్‌గా ఉండిపోయాయి. 1988లో అవి కలిపి పూర్తి పుస్తకం వేసింది ఓరియంట్ లాంగ్‌మన్. ఇప్పుడు ఓరియంట్ బ్లాక్‌స్వాన్ పేరుతో మన హిమాయత్‌నగర్‌లో ఉన్నది ఆ కంపెనీయే. షహర్‌లో ఎంతమందికి తెలుసో!

ఆ పేజీల్లో బాంబు ఏమీ లేదు. 1946లో తాను కాంగ్రెస్ అధ్యక్ష పదవి వదులుతూ నెహ్రూ పేరు చెప్పడం, పటేల్‌ని బలపరచకపోవడం తన గల్తీలని మౌలానా ఒప్పుకున్నారు. అంత మాట అన్న మనిషి పుస్తకాన్ని అంకితం చేసింది మళ్లీ నెహ్రూకే, దోస్త్ అంటూ. దోస్తీ, ఎతిరాజ్ ఒకే గుండెలో ఎలా ఇముడుతాయో నేను చూసింది అక్కడే.

అసలు దెబ్బ రెండో పుస్తకంతో తగిలింది. ఆజాద్ పుస్తకం మీద సమీక్ష రాయబోయిన రామ్‌మనోహర్ లోహియా, అది పెరిగి పెద్దదై 1960లో ఏకంగా ఓ పుస్తకమే తెచ్చారు. దేశ విభజనకు ఒప్పుకున్న 1947 జూన్ సమావేశంలో ఆయన స్వయంగా ఉన్నారు. మౌలానా ఓ మూల కుర్చీలో సిగరెట్లు కాలుస్తూ కూర్చున్నారే తప్ప నోరు విప్పలేదని రాశారు. విభజనను చివరిదాకా వద్దన్నానని మౌలానా చెప్పింది అప్పటికే చదివి ఉన్నాను. ఎవరిది సచ్? ఆ రాత్రి నాకు కోపమే వచ్చింది. కోపంతోనే మూడోది వెతికాను. రాజ్‌మోహన్ గాంధీ ‘ఇండియా విన్స్ ఎర్రర్స్’, 1989. పేరులోనే జవాబుంది చూడండి. నా రాయ్ అడిగితే, మౌలానా ఝూట్ చెప్పలేదు, యాద్ దాష్త్ ఆయన్ని అక్కడక్కడా దగా చేసింది. ఈ రాయ్ ఏర్పడ్డానికి మూడు పుస్తకాలు పట్టాయి, ఆ మూడూ చదివేసరికి అలవాటు పడిపోయింది.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం నుంచి మొఘల్ దర్బారుల పాఠం తీసేశారు. మనం ఎతిరాజ్ తెలిపాం, తెలపాల్సిందే. కానీ ఆ వంకతోనైనా మొఘలుల మీద ఒక్క పుస్తకం కొన్న ఇళ్లు ఎన్ని? పాఠం పోతే ఆ ఖాళీని వాట్సాప్ నింపుతుంది. వాళ్ల ఫార్వర్డుల్లో మన బాద్‌షాలందరూ జాలిమ్‌లు. మన ఫార్వర్డుల్లో అందరూ ఫరిష్తాలు. రెండిట్లోనూ హవాలా ఉండదు. దావత్‌లో ఒక్క డేగ్ తగ్గించుకుంటే అల్మారాలో ఓ వరస నిండుతుంది (ఈ మాటంటే మా ఖాలాకు కోపం).

మా ఇంట్లో మౌలానా పక్కనే లోహియా ఉంటారు. ఇంటర్ చదివే మా అమ్మాయి ఇద్దర్నీ చదివింది. ‘అబ్బా, వీళ్లలో ఎవరి మాట నమ్మాలి?’ అంది. నేను జవాబివ్వలేదు. ఇప్పుడు తను ‘గుబార్-ఎ-ఖాతిర్’ కావాలంటోంది, మౌలానా అహ్మద్‌నగర్ కోట జైల్లో రాసుకున్న ఉత్తరాలు. తనకు ఉర్దూ అక్షరాలు రావు. ఇషా తర్వాత నేను చదివి తెలుగులో అర్థం చెబుతున్నాను. ప్రస్తుతం చాయ్ గురించిన ఉత్తరం నడుస్తోంది.