ఉప్పెన పిదప ఉపకారమా?

తీరమున తుపాను విఱిగిపడిన ప్రతి పర్యాయమును మా నల్లగండ్ల మేడలలో పాతబట్టల మూటలు కట్టుట ఆచారమైనది. అంతకుముందు ఆ యూళ్ల పేరైన నెఱుగనివారు మూడవనాటికి మిక్కిలి దయాళువు లగుదురు. మేమును పంతులము గనుక ఒకమారు బడిపిల్లలచేత మూటలు కట్టించితిమి. విప్పి వేఱుచేయునప్పుడు అందులో చినిగిన పట్టుచీరలు, బొత్తాములు లేని చొక్కాలు, ఒంటి చెప్పొకటి కనబడినవి. ఒక చిన్నవాడు ఆ చెప్పును చేతబట్టుకొని "అయ్యా! రెండవది వారియొద్ద నున్నదా?" యని యడిగెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే కారణము.

దయ చెడ్డదని మేము చెప్పము. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకు తర్కముతో పనిలేదు. మా వివాదము ప్రభుత్వముతోను, ప్రభుత్వము పలుకు మాటను విచారింపక నమ్ముచున్న మనతోను. ఉప్పెన పిదప దీవులవారికిచ్చు బియ్యమును, పరదాలను, రొక్కమును ప్రభుత్వము తన యౌదార్యమని చాటించుకొనుచున్నది. మనమును అట్లే తలచుచున్నాము. అది యౌదార్యము కాదు, ఋణము. అసలు ఎగవేసి వడ్డీలో కొంత విదిల్చుట వంటిది. మన ధర్మశాస్త్రకారులు రాజునకు పంటలో ఆఱవపాలు విధించినది రక్షణకు కూలిగా గాని, అతని తేజస్సు చూచి కాదు. కూలి పుచ్చుకొని పనిచేయని రాజునకు ప్రజల పాపములో భాగము సంక్రమించునని కూడ వారు వ్రాసియున్నారు. ఈ రెండవ మాటను మన సభలలో ఎవరును ఎత్తరు!

దివిసీమ సంగతి చూడుడు. పులిగడ్డయొద్ద కృష్ణ రెండు పాయలై చీలి సముద్రమున గలియులోపల నున్న భూమి యది. 1977 నవంబరు 19, శనివారమునాడు సముద్రము సుమారు 5 మీటర్ల యెత్తున లేచి దానిమీద బడెను. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి మొదలగు పల్లెలలో ఊరికి ఊరే కొట్టుకొనిపోయెను. మృతులు పదివేలకు పైబడిరి. ఇది యెన్నడు నెఱుగని విపత్తా? 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు ఉప్పెనలో ముప్పదివేలమంది మడిసిరి. నూటపదుమూడేండ్ల యెడము దొరకెను. తుపాను వచ్చుచున్నదను వార్త 1977లోను ఉండెను. కాని తీరపు గుడిసెలలో దానిని వినుటకు రేడియోలు అరుదు, విని పరుగెత్తుటకు బాట లేదు, ఎక్కి నిలుచుటకు మిద్దె లేదు.

పిదప దేశమంతయు కదలినది. నందమూరి, అక్కినేని మొదలగు నటులు వీథివీథి తిరిగి జోలె పట్టిరి. అవనిగడ్డవాడైన మంత్రి మండలి వెంకటకృష్ణారావుగారు ఆ బురదలోనే తిరిగి సేవచేసిరి. వారి శ్రమను తక్కువచేయుట మా యుద్దేశము కాదు. అంతటి జోలె పట్టవలసిన యవస్థ యేల వచ్చెనని మాత్రమే యడుగుచున్నాము.

ఇందుకు మా యింటి యెదుటి సాక్ష్యమునే చూపెదము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచి వేలకొలది ప్రాణములను గొనెను. నిజాము ప్రభుత్వము గంజికేంద్రములు పెట్టి యూరకుండలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన నదిని పైననే ఆపవలెనని చెప్పిరి. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. గండిపేట మాకు దూరము కాదు. సెలవునాడు పిల్లలతో ఆ గట్టుమీదికి గాలికి పోవు మా యిరుగుపొరుగువారిలో, తాము నిలిచియున్నది ఒక వరదసహాయముమీదనని యెందఱెఱుగుదురు? నగరమునకు ఉపద్రవము వచ్చినచో జలాశయము కట్టిరి, దీవికి వచ్చినచో పొట్లము కట్టుచున్నారు. ఆంగ్లమున రిలీఫు అను మాటకు మూలమైన లాటిను ధాతువునకు మరల పైకెత్తుట యని యర్థము. మన కచేరీలలో అది పొట్లమునకు పర్యాయపదమైనది.

దివిసీమకు ఏమియు చేయలేదని మేమనము. 1977 పిదప తుపాను ఆశ్రయభవనములు లేచినవి, సముద్రపు కరకట్టలు వచ్చినవి, సరుగుడుతోపులు నాటిరి, ముందుగా జనులను తరలించు పద్ధతి యేర్పడెను. 1990 మే నెలలో అంతటి తుపానే ఈ తీరమును తాకినప్పుడు మృతుల సంఖ్య వేయికి లోబడెను. పదివేలకును వేయికిని నడుమనున్న ప్రాణములను కాచినది పాతబట్టలు కాదు. కట్టడము, బాట, ముందుమాట. ఇది తెలిసియు తక్కిన పనిని ఆపివేసినవారిని ఏమనవలెను?

తక్కిన పని యేదనగా: నాగాయలంక మండలమున ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ వంటి దీవిపల్లెలున్నవి. ఎదురుమొండివారు ఏటిమొగయొద్ద పంటుమీద కృష్ణ దాటుచు, వంతెన కొఱకు దశాబ్దములు అర్జీలు పెట్టుకొనిరి. గాలి లేచినచో మొదట ఆగునది ఆ పంటే. పురుటినొప్పులు గాలిని చూచి ఆగవు. ఉప్పెనవేగము నడ్డు మడ అడవులను నఱికి రొయ్యలచెఱువులు త్రవ్వుచుండగా చూచి యూరకున్నది ప్రభుత్వమే. ఇక కౌలుదారుని గతి వేఱు. 2019నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ప్రకారము భూస్వామి యొప్పుకొని వ్రాలు చేసిననే వానికి పత్రము. వ్రాలు లేనిచో పంట మునిగినవాడొకడు, పరిహారము తీసికొనువాడు వేఱొకడు.

చట్టము లేదా? ఉన్నది. 2005నాటి విపత్తు నిర్వహణ చట్టము 12వ సెక్షను నీడ, అన్నము, మంచినీరు, వైద్యము మొదలగువానికి కనీసపు కొలతలు నిర్ణయింపవలెనని చెప్పుచున్నది. వితంతువులకు, అనాథలకు ప్రత్యేకసహాయమును పేర్కొనుచున్నది. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు కరోనా మృతుల వ్యాజ్యములో ఇది ఇష్టమైన చేయు పని కాదు, విధి యని తీర్పు చెప్పెను. 13వ సెక్షను ఘోరవిపత్తులలో బాధితుల అప్పులకు ఊరట సిఫారసు చేయుటకు వీలు కల్పించుచుండెను. 2025 సవరణలో దానిని తొలగించిరి. వయనాడు బాధితుల అప్పుల విచారణలో కేరళ హైకోర్టుకు కేంద్రము ఆ తొలగింపునే సమాధానముగా చెప్పెను. పడవ పోయినవానికి పడవపై చేసిన యప్పు మాత్రము మిగిలినది. 2022లో కేంద్రము నిర్ణయించిన కొలతలో ప్రాణమునకు 4 లక్షలు. చచ్చినవానికి ఇంత యని లెక్క వెంటనే తేలును. బ్రదికియుండి వంతెన యడిగినవాని లెక్క తేలుటకు తరము పట్టును.

"అట్టి చోట వారేల కాపురముండవలెను?" అని మా మిత్రులొకరు, మంచి విద్యావంతులు, అడిగిరి. 2020 అక్టోబరు వానలలో మన హైదరాబాదున చెఱువుల కడుపులో కట్టిన యిండ్లు మునిగినవి. ఇంటికి పదివేల రూపాయల చొప్పున సహాయము ప్రకటించిరి. అప్పుడు చెఱువులో నేల యుంటిరని మా మిత్రులు అడిగినట్లు జ్ఞాపకము లేదు. దీవివాడు తాతలనాటినుండి నీటియంచున నున్నవాడు. మనమైతే నీటిని వెదకి పూడ్చి దానిపై మేడ కట్టితిమి. అతని వరియు, చేపయు మన కంచములోనికి వచ్చునప్పుడు అతడెక్కడ నున్నాడని మనమడుగము.

ఈ యేడు మా పెద్దతరగతి పిల్లలు మూటలు కట్టలేదు. సంబంధించిన యధికారికి అర్జీ వ్రాసిరి. ఒక్కొక్క దీవిలో ఆశ్రయభవనములెన్ని, వానిలో తలుపులు తెఱచుకొనునవి యెన్ని, కౌలుదారుల పేళ్లు ఏ పుస్తకమున నున్నవి, పంటు ఆగిన రాత్రి గర్భిణిని ఏ దారిని తెచ్చెదరు అని అందులో నడిగిరి. ఒంటి చెప్పు చూపిన చిన్నవాడును తన వ్రాలు చేసెదనని వచ్చి చేసినాడు. ప్రత్యుత్తరము రాగానే ఈ పత్రికకే పంపెదము.