దండారి వీడియోల్లో వంకర పోవాలంటే కొత్త కెమెరా కాదు, ట్రైపాడ్ కొనాలి

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

దీపావళి దగ్గర పడుతోంది. దండారి మొదలైతే మన గ్రూపు నిండా గుస్సాడీ వీడియోలే. మంచిదే. కానీ వాటిని ఒకసారి ఆపి ఆపి చూడండి. కెమెరా తిప్పినప్పుడల్లా వెనకున్న కరెంటు స్తంభం పక్కకు వాలుతుంది. డప్పు మీద పడే పుల్ల వంగినట్టు కనిపిస్తుంది. తల మీది నెమలి ఈకల టోపీ జెల్లీలా ఊగుతుంది. కెమెరా పాతదైపోయింది, చందాలేసి కొత్తది కొందాం అని మనలో చాలామంది అంటున్నారు. మేం దీనికి ఒప్పుకోం.

ఈ వంకరకు కారణం రోలింగ్ షట్టర్. డీఎస్ఎల్ఆర్‌లో వీడియో తీసేటప్పుడు సెన్సార్ బొమ్మ మొత్తాన్ని ఒక్కసారే పట్టుకోదు. పై వరుస నుంచి కిందికి ఒక్కో వరుసా చదువుకుంటూ పోతుంది. మన ఆశ్రమ పాఠశాల హాస్టల్లో రాత్రి అటెండెన్స్ గుర్తు తెచ్చుకోండి. సారు మొదటి మంచం దగ్గర మొదలుపెట్టి చివరికి వచ్చేలోపు అక్కడి పిల్లలు చోట్లు మార్చేస్తారు. రిజిస్టర్లో మాత్రం అందరినీ ఒకే నిమిషంలో చూసినట్టు ఉంటుంది.

లెక్క కూడా చూద్దాం. ఒక ఫ్రేము చదవడానికి సెకనులో 40వ వంతు పడుతుందనుకోండి. 1920 పిక్సెళ్ల వెడల్పున్న ఫ్రేము ఒక సెకనులో దాటిపోయేంత వేగంగా కెమెరా తిప్పితే, నిలువునా ఉన్న స్తంభం పైకొసకూ కిందికొసకూ మధ్య 48 పిక్సెళ్ల తేడా వస్తుంది. అర సెకనులో తిప్పితే 96.

డబ్బులు ఎక్కువ పెడితే ఇది పోతుందా? 2008లో వచ్చిన నికాన్ డీ90, కెనన్ 5డీ మార్క్ 2 నుంచీ డీఎస్ఎల్ఆర్ వీడియోకు ఈ జబ్బు ఉంది. 4కే ఉన్న బాడీ కొంటే చాలా మోడళ్లలో చదవాల్సిన వరుసలు పెరిగి వంకర ఇంకా ఎక్కువైతది. ఫ్రేమంతా ఒకేసారి పట్టుకునే గ్లోబల్ షట్టర్ కెమెరాలు లేకపోలేదు, సోనీ ఏ9 3 లాంటివి. వాటి ధర లక్షల్లో ఉంటుంది. మనకేమో స్కాలర్‌షిప్పే టైముకు రాదు.

షట్టర్ స్పీడ్ 1/1000కి పెంచమని కొందరు చెప్తున్నారు. దాంతో మసక తగ్గుతుంది గానీ వాలుడు తగ్గదు, పైగా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో కూడా కొంతవరకే సరి అవుతుంది. ఒకే ఫ్రేములో కెమెరా ఒకవైపు, మనిషి ఇంకోవైపు, ఈకలు మరోవైపు కదిలితే సాఫ్ట్‌వేర్ దేన్ని నిలబెట్టాలి?

అందుకే మా మాట, ఆ చందా డబ్బులతో గట్టి ట్రైపాడ్ కొందాం. వైడ్ లెన్స్ పెట్టి, వలయం మొత్తం పట్టేలా ఒకచోట నిలబెట్టి వదిలేద్దాం. ఆడేవాళ్లే ఫ్రేములోకి వస్తారు, పోతారు. వేగంగా తిరిగే కర్ర అప్పుడూ కొంచెం వంగుతుంది, అది తప్పదు. స్తంభాలు, మనుషులు మాత్రం నిటారుగా ఉంటారు. రాత్రి ఎల్ఈడీ లైట్ల కింద నల్ల పట్టీలు కదులుతుంటే 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లకు అది సరిపోతుంది. ఫొటోలు తీసేవాళ్లను ఫ్లాష్ ఆపమని ముందే అడగండి. ఆ మెరుపుకు సగం ఫ్రేమే తెల్లబడటం కూడా ఈ రోలింగ్ షట్టర్ వల్లే.

మధ్యలో తిరుగుతూ తీస్తేనే రీల్‌లో ఊపు వస్తుందని తమ్ముళ్లు అంటారు. రీల్ తర్వాత విడిగా తీసుకోండి, ఎవరు వద్దన్నారు? దీక్షలో ఉన్న గుస్సాడీల మధ్యకు కెమెరాతో చొరబడటం పెద్దలకు ఎట్లా ఉంటుందో కూడా ఆలోచించండి.

మర్లవాయి గుస్సాడీ కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. ఇప్పుడు చిన్నపిల్లలు అడుగులు సగం ఫోన్లో చూసే నేర్చుకుంటున్నారు. తుడుం మోగినప్పుడు ఏ కాలు నేల మీద ఉంది, భుజం ఎంత వంగింది అన్నది వాళ్లకు మన వీడియోనే చెప్పాలి. ఆ వంపు మనిషిదో సెన్సార్‌దో తెలియకపోతే వాళ్లు ఏం నేర్చుకుంటారు? అరకు వైపు థింసా తీసే అక్కలకూ ఇదే చెప్తున్నాం. నడుముల వెనక చేతులు కలిపి కదిలే ఆ వరుస, తిరిగే కెమెరాలో ఎక్కడికక్కడ విరిగినట్టు కనిపిస్తోంది.

ఎవరి దగ్గర ట్రైపాడ్ ఉందో కింద చెప్పండి. దండారి తేదీలను బట్టి గూడేలకు వంతులు వేసుకుందాం.