అతుకు దగ్గర ఎవరున్నారు?

వాన గట్టిగా పట్టుకుంటే ఉత్తర చెన్నైలో ముందుగా మూతపడే దారుల్లో వ్యాసర్పాడి గణేశపురం సబ్‌వే ఒకటి. పైన రైళ్లు యథాప్రకారం తిరుగుతూనే ఉంటాయి. తిరుపతిలో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సెంట్రల్‌కు వచ్చేవాళ్లు పెరంబూరు దాటాక వ్యాసర్పాడి మీదుగానే బేసిన్ బ్రిడ్జికి చేరతారు. కింద మాత్రం నీళ్లు తోడే మోటార్లు, అడ్డంగా బారికేడ్లు, పులియంతోపు పోవాల్సిన ఆటోలు ఎక్కడెక్కడో చుట్టి వెళ్లడం. కార్పొరేషన్ పారిశుద్ధ్య పనికని వలస వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్న పేటలివి. తెల్లారకముందే డ్యూటీకి పోవాల్సినవాళ్లకు ఈ దారి మూసుకుపోతే ఆ రోజు సగం అక్కడే పోయినట్టు.

దీనికి విరుగుడుగా చెన్నై కార్పొరేషన్ పట్టాల మీదుగా పైవంతెన తలపెట్టింది. పొడవు సుమారు 680 మీటర్లు, అప్పటి అంచనా ఖర్చు దాదాపు 142 కోట్లు. ఈ రోజుల్లో అదేమంత పెద్ద వంతెన కాదు. అయినా గడువును ఒకటికి రెండుసార్లు పొడిగించారు.

కాంట్రాక్టరు బద్ధకమనో, అధికారుల అలసత్వమనో తేల్చేయడం సులువు. కానీ అటూ ఇటూ దిగే ర్యాంపులు కార్పొరేషన్ పని. పట్టాల పైభాగంలో రైల్వే ఆమోదం లేనిదే బోల్టు కూడా బిగించడానికి లేదు. నేల కింది నీటి, మురుగు గొట్టాలు మెట్రోవాటర్‌వి, కేబుళ్లు విద్యుత్తు సంస్థవి. వీటిలో ఏ ఆఫీసుకు వెళ్లి అడిగినా తమ ఫైలు తాము కదిపామనే చెబుతారు. అబద్ధం కూడా కాకపోవచ్చు. చిక్కంతా ఒకరి పని ఆగి మరొకరి పని మొదలయ్యే అతుకు దగ్గరే ఉంది.

పట్టాల మీదికి గర్డరు ఎత్తాలంటే ఏం కావాలో చూడండి. ముందు రైల్వే నుంచి ‘బ్లాక్’ దొరకాలి. అంటే రైళ్లు ఆపి, పై తీగల్లో కరెంటు తీసి, కొన్ని గంటలు దారిని పనికి అప్పగించడం. ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే ఇస్తారు. ఆ వేళకు క్రేను నిలబడి ఉండాలి, బరువులెత్తించే రిగ్గర్లు బెల్టులు కట్టుకుని ఉండాలి, సిగ్నల్ సిబ్బంది, తీగల సిబ్బంది, ఇరువైపుల ఇంజనీర్లు అక్కడే ఉండాలి. వీరిలో ఒక్కరు రాకపోయినా ఆ రాత్రి పోయినట్టే. మళ్లీ తేదీ ఇవ్వాల్సింది రైళ్ల రాకపోకలు చూసుకునే విభాగం, దానికి వంతెనకన్నా టైంటేబుల్ ముఖ్యం. సెంట్రల్ లాంటి స్టేషను ముంగిట అది న్యాయమే కూడా.

ముంబైలో ఈ అతుకు ఏకంగా కళ్లకు కట్టింది. అంధేరీలో పట్టాల మీది గోఖలే వంతెనను కొత్తగా కట్టి 2024 ఫిబ్రవరిలో ఒక వైపు తెరిచారు. తీరా చూస్తే పక్కనున్న బర్ఫీవాలా ఫ్లైఓవర్‌తో కలవాల్సిన చోట రెండింటి మధ్య మనిషెత్తు తేడా! రైల్వే నిబంధనల ప్రకారం కొత్త వంతెన ఎత్తు పెరిగింది, పాత ఫ్లైఓవరేమో ఉన్నచోటే ఉంది. దేనికదే సరైన కట్టడం. చివరికి పాతదాన్ని జాకీలతో పైకి లేపి కలిపారు. మరుసటి ఏడాది భోపాల్‌లోని ఐశ్‌బాగ్ వంతెన దాదాపు తొంభై డిగ్రీల మలుపుతో దేశమంతా నవ్వులపాలైంది. అక్కడ ఇంజనీర్లను సస్పెండ్ చేశారు. సస్పెన్షన్ వల్ల మలుపు తిన్నగా కాదు కదా.

శాఖల మధ్యనే కాదు, ఒకే భవనంలో పనిచేసే ముఠాల మధ్య కూడా ఇదే అతుకు ఉంటుంది. వ్యాసర్పాడి పక్కనే పులియంతోపు కె.పి. పార్కులో పేదల కోసం బహుళ అంతస్తుల గృహాలు కట్టారు. 2021 ఆగస్టులో, జనం చేరీ చేరకముందే, చేత్తో గీకితే గోడల పూత రాలిపోతున్న వీడియోలు బయటికొచ్చాయి. ఐఐటీ మద్రాస్ నిపుణులతో పరీక్షలు చేయించారు, ఇంజనీర్లను సస్పెండ్ చేశారు. 

ఆ ఒక్క చోటని కాదు, సైట్లలో గోడపూత పని మామూలుగా ఎలా సాగుతుందో తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు. తాపీ ముఠాకు చదరపు అడుగు లెక్కన డబ్బులు. ఎంత త్వరగా పూస్తే అంత గిట్టుబాటు. మాలు కలిపేది హెల్పర్లు. సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగైదు పాళ్లు అని కాగితం మీద ఉంటుంది, పార ఎన్నిసార్లు పడిందో ఎవరూ లెక్కపెట్టరు. పూసిన గోడకు కనీసం వారం రోజులు నీళ్లు కొట్టాలి. ఆ పని తాపీవాళ్లది కాదు, రేటులో లేదు. కరెంటు ముఠా అప్పటికే గోడలో గాళ్లు కొట్టడానికి సిద్ధంగా ఉంటుంది. ట్యాంకరు రాని రోజున గోడ ఎండుతుంది. కొలతలు రాసే ఎం-బుక్‌లో లెక్క ఎక్కుతుంది, బిల్లు పాసవుతుంది. నీళ్లు కొట్టించాల్సింది ఎవరో రాసి ఉంచని సైటులో గోడ రాలితే, తాపీ మేస్త్రీని నిలదీసి లాభమేమిటి?

పూత రాలితే పోయేది పూతే. చెన్నై శివార్లలోని మౌలివాక్కంలో 2014 జూన్ 28న, శనివారం సాయంత్రం వానలో, కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది చనిపోయారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలకు శవపేటికలు చేరిన ఆ రోజులు ఉత్తరాంధ్ర మరచిపోలేదు. పక్కనున్న జంట భవనాన్ని 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలతో కూల్చేశారు. డిజైను, నేల పరీక్షల మాట కమిషన్లు, కోర్టులు చూసుకున్నాయి. కానీ ఇలాంటి ఏ సైటులోనైనా పనిచేసే కూలీకి ఓ స్తంభంలో పగులు కనిపించిందనుకుందాం. ఇంజనీరుతో అతనికి మాటలు ఉండవు, భాష రాదు. మధ్యలో ఉన్న ఒకే ఒక్క మనిషి మేస్త్రీ. అతనే కూలీ డబ్బులిచ్చేవాడు, పని ఆగితే నష్టపోయేవాడూ అతనే. చెడ్డ కబురు పైకి పోవాల్సిన దారిలో దానికి వెల కట్టేవాడిని కూర్చోబెట్టిన ఏర్పాటిది.

మరో రకంగా చేయలేమా అంటే, చేసిన మనిషి మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలోనే చదివాడు. 1964 డిసెంబరు తుపానుకు పాంబన్ రైలు వంతెన గర్డర్లు నూటికి పైగా కొట్టుకుపోయాయి. పైవాళ్లు మొదట ఆరు నెలలన్నారు, తర్వాత మూడు నెలల్లో కావాలన్నారు. కుర్ర ఇంజనీరు ఇ. శ్రీధరన్ 46 రోజుల్లో పూర్తిచేశాడు. గర్డర్లు సముద్రంలో ఎక్కడ పడున్నాయో చేపలు పట్టేవాళ్ల వల్ల తెలిస్తే, కొత్తవి తెప్పించే ఆలోచన పక్కనపెట్టి పాతవాటినే పైకి తీయించాడు. ఆయన ప్రతిభను తక్కువ చేయనక్కర్లేదు. కానీ జాలరి మాట నేరుగా నిర్ణయం తీసుకునే మనిషి చెవిన పడింది, ఆ మనిషికి మరో ఆఫీసు సంతకం కోసం ఆగే పని లేకపోయింది. ఈ రెండూ ఏర్పాటుకు సంబంధించినవి, మేధావితనానికి కాదు. అంతా ఒకే రైల్వే కావడం కలిసొచ్చిన మాట నిజమే.

గణేశపురం లాంటి పనుల్లో ఆ వెసులుబాటు లేదు కనుకే దాన్ని కాగితం మీద కల్పించుకోవాలి. టెండరు పిలిచే ముందే కార్పొరేషన్, రైల్వే, మెట్రోవాటర్, విద్యుత్తు సంస్థ కలిసి ఒక అధికారిని నియమించాలి. నాలుగు శాఖల తేదీలు కలపడమే అతని ఉద్యోగం కావాలి, పని మధ్యలో బదిలీ ఉండకూడదు. తీసుకున్న ప్రతి నిర్ణయం పక్కన పేరు, తేదీ ఉండాలి. ఒక శాఖ మరో శాఖ కింద పనిచేయదని అభ్యంతరం వస్తుంది. పనిచేయమని ఎవరూ అనడం లేదు, ఎప్పటికి ఏం ఇస్తారో రాసి సంతకం పెట్టమంటున్నాం. సైటు ముందు అంచనా వ్యయం, కాంట్రాక్టరు పేరు, గడువు రాసిన బోర్డు ఎలాగూ ఉంటుంది. ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు దాని మీద తమిళంలోనూ, పనివాళ్లు చదవగలిగే తెలుగు, హిందీ, ఒడియాల్లోనూ రాయించడానికి పెయింటరుకు ఒక పూట పని.