పెద్దవాళ్ళ ఫొటోకి ఒక్క లైటు చాలు

వేసవి వచ్చిందంటే మన ఊరి పార్కుల్లో చీర మీద స్వెట్టరు, కాళ్ళకి స్నీకర్లు కనపడతాయి. అమ్మానాన్నలు ఆర్నెల్లకి దిగారన్నమాట. నయాగరా ముందు నిలబెట్టి వందల ఫొటోలు తీస్తాం. తీరా వాళ్ళు పోయాక దండ వెయ్యడానికి వెతికితే ఒక్కటీ పనికిరాదు. చివరికి పాస్‌పోర్టు ఫొటోనే పెద్దది చేయించి ఫ్రేము కట్టిస్తాం. ఎన్ని ఇళ్ళల్లో చూశానో! అందుకే ఈ పండగ సంచికలో మన బేస్‌మెంట్లోనే మంచి ఫొటో ఎలా తియ్యాలో చెప్పుకుందాం.

స్టూడియోలో అయితే రెండుపక్కలా పెద్ద లైట్లు పెట్టి ముడతన్నది కనపడకుండా చేస్తారు. పెళ్ళికూతురికైతే సరే. ఎనభై ఏళ్ళ మొహానికి అది అన్యాయం. నుదుటి గీతలు లేకపోతే ఆయన మీ నాన్నగారు ఎలా అవుతారండీ?

చర్మం మీద సన్నటి పొక్కుల్ని పట్టుకోవాలంటే మేం డాక్టర్లం టార్చి పక్కనుంచి వేస్తాం. ఎదురుగా వేస్తే నీడ పడదు, ఎత్తుపల్లాలు తెలియవు. ఫొటోకీ అంతే. ఒక పక్కగా, సుమారు 45 డిగ్రీల కోణంలో, కళ్ళకంటే కాస్త ఎత్తులో ఒకే లైటు పెట్టండి. నీడ పడిన చెంప మీద, కంటికింద, చిన్న త్రికోణంలా వెలుగు పడితే కుదిరినట్టే. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడి పేరు మీద దీన్ని రెంబ్రాంట్ లైటింగు అంటారు. లైటు మరీ పైనుంటే గుంటకళ్ళు చీకటైపోతాయి. కంట్లో వెలుగుచుక్క మెరవాలి, లేకపోతే చూపులో జీవం ఉండదు.

ఉత్త బల్బు వేస్తే ప్రతి ముడతా పంటకాలవలా కనిపిస్తుంది. సాఫ్ట్‌బాక్సో తెల్లగొడుగో తగిలించి, మూడు నాలుగు అడుగుల దూరంలో ఉంచండి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే. ఎక్స్-రే గదిలో మమ్మల్ని కాపాడే సూత్రమే ఇది! లైటు దగ్గరుంటే వెనక గోడ దానంతటదే చీకట్లోకి పోతుంది, తెరలు కొనక్కర్లేదు. నీడ మరీ నల్లగా ఉంటే అటుపక్క తెల్లటి ఫోమ్ బోర్డు నిలబెడితే సరి.

ఇక మనవాళ్ళకే వచ్చే చిక్కులు. తెల్లపంచె, తెల్లజుట్టు చూసి ఆటోమేటిక్ కెమెరా వెలుగు ఎక్కువైందనుకుంటుంది, మొహాన్ని నల్లగా చేసేస్తుంది. కొలత మొహం మీదే తీసుకోవాలి. కళ్ళజోడులో లైటు కనపడుతుంటే చెవుల దగ్గర కాడలు కొంచెం పైకెత్తండి, అద్దాలు కిందికి వాలతాయి. కళ్ళజోడు తీయించకండి, ఆయన ఎవరో మీకే తెలియదు! అమ్మ ముక్కుపుడక మెత్తటి వెలుగులో మెరవదు. దూరంగా ఓ పక్కన సన్నటి చిన్న లైటు పెడితే రవ్వ తళుక్కుమంటుంది.

ఇవేవీ లేవా? ఉత్తరం కిటికీ ఉందిగా. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్ కాలంలో ఫొటోలకి పగటి వెలుగే ఆధారం.

నవ్వమని వేధించకండి. 1941 డిసెంబరులో ఒట్టావాలో యూసఫ్ కార్ష్ ఫొటో తీసే ముందు చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేశాడు. ఆ చిరాకే ప్రపంచ ప్రసిద్ధమైంది. మన నాన్నగార్ల దగ్గర అంత సాహసం వద్దు. ఈ ఏడు నీళ్ళు ఎప్పుడొదిలారు, వడ్లు బస్తా ఎంత పలికింది అని అడగండి చాలు, మొహం దానంతటదే వెలుగుతుంది. చేతులు కూడా ఫొటోలో పడనివ్వండి.

తిరుగు ప్రయాణం ముందువారం పెట్టుకోకండి, సూట్‌కేసుల తూకాల గొడవలో కుదరదు. వచ్చిన రెండోవారం, జెట్‌లాగ్ తీరాక, పొద్దున్న కాఫీ అయ్యాక కూర్చోబెట్టండి.