ముట్టుకునే ముందు పేరడగండి

కొత్త ఊరికి వచ్చిన పిల్లలు మొదటి నెలలో చేసే ఫిర్యాదులు నాకు కంఠతా వచ్చు. "ఇక్కడివాళ్లు మాతో కలవరు టీచర్", "ఈ ఊరే బాగాలేదు టీచర్". నేనూ బదిలీల మీద ఊళ్లు తిరిగినదాన్నే కాబట్టి ఆ బాధ తెలుసు. అయినా ఆ మాటను నేను ఒప్పుకోను. ఎందుకో ఒక మొక్క సంగతితో చెబుతాను.

గఢ్వాల్ కొండల్లో పనిచేస్తున్నప్పుడు, విజయనగరం నుంచి కొత్తగా వచ్చిన ఆరో తరగతి అబ్బాయి బంతి కోసం పొదలో చెయ్యి పెట్టాడు. మరుక్షణం కెవ్వుమన్నాడు. చేతి నిండా దద్దుర్లు. ఆ మొక్క పేరు హిందీలో బిచ్ఛూ ఘాస్, అంటే తేలు గడ్డి. గఢ్వాలీలో కండాలీ, కుమావూనీలో సిసూణ్. దాని ఆకుల మీద, కాడల మీద సన్నని బిరుసు నూగు ఉంటుంది. ఒక్కో వెంట్రుకా బోలుగా ఉండే చిన్న గొట్టం. గాజులా పెళుసైన దాని కొసలో సిలికా ఉంటుంది. తాకగానే ఆ కొస విరిగి, మిగిలిన గొట్టం సూదిలా చర్మంలో దిగి మంట పుట్టించే రసాన్ని వదులుతుంది.

"ఈ పాడు మొక్కని పీకి పారేయొచ్చుగా!" అని వాడు ఏడుస్తుంటే, వాడి తరగతిలోని ఆ ఊరి అమ్మాయి పరుగున వెళ్లి వెడల్పాటి ఆకేదో తెచ్చి, నలిపి రుద్దింది. మర్నాడు టిఫిన్ డబ్బాలో కూర తెచ్చింది. కండాలీ కూరే! ఉడికిస్తే ఆ నూగు ఇక కుట్టదు.

ఆలోచించండి. ఆ మొక్క ఎవరి మీదికీ వెళ్లలేదు. మేసే పశువుల నుంచి పారిపోలేదు కాబట్టి ఒంటి నిండా కంచె వేసుకుంది. ముళ్లపంది ముళ్లు విసురుతుందంటారు. అది నిజం కాదు. ఆ ముళ్లు గట్టిపడిన వెంట్రుకలే. భయం వేసినప్పుడు వాటిని నిక్కబొడుచుకుంటుంది. పిల్లి మీసాలూ బిరుసు వెంట్రుకలే. వాటి మొదళ్లలో ఉన్న నరాల వల్ల పిల్లి చీకట్లో దారి తెలుసుకుంటుంది. బిరుసు వెంట్రుక ఒకరికి కంచె, ఒకరికి చేతివేళ్లు. ఏదీ పొగరు కాదు.

కొత్త తరగతిలో ఎదురయ్యే మౌనమూ అలాంటిదే. మనం రెండు మూడేళ్లలో వెళ్లిపోతామని అక్కడి పిల్లలకు తెలుసు. స్నేహితులను పోగొట్టుకున్నవాళ్ల మనసుకీ కాస్త నూగు మొలుస్తుంది. తప్పు వాళ్లది కాదు.

అన్నిటికీ సర్దుకుపొమ్మని నేను అనడం లేదు. కొత్తవాడి చొక్కాలో దూలగొండి నూగు వేసి నవ్వడం ఆట కాదు. అలాంటివి జరిగితే టీచరుకు చెప్పాల్సిందే. కానీ పలకరించలేదన్న ప్రతి చిన్నదానికీ ఊరినే తిట్టుకుంటే, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టే.

అందుకే చెబుతున్నాను. కొత్త ఊళ్లో మొదటి వారమే, ఆ ఊరి తోటి విద్యార్థిని మూడు మొక్కల పేర్లు అడగండి. పేరు చెప్పినవాళ్లు ఏది కుడుతుందో చెబుతారు, ఏది తినొచ్చో కూడా చెబుతారు. మాట కలవడానికి అంతకంటే ఏం కావాలి?

ఆ అబ్బాయి తన తెలుగు నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాడు: "కండాలీ. కుడుతుంది. కూర బాగుంటుంది."