ఫిబ్రవరిలో ఊళ్లో ఎవరుంటారు?

2021లో జరగాల్సిన జనగణన కొవిడ్ వల్ల ఆగింది. ఆ తర్వాత వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2027 ఫిబ్రవరికి ఖరారైంది. పదహారేళ్ల తర్వాత మనుషుల్ని లెక్కపెట్టబోతున్నారంటే సంతోషమే. కానీ మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి ప్రాంతాలకు ఆ నెల సరైనది కాదు. ఎందుకో ఇక్కడ పుట్టిన ఎవరినడిగినా చెబుతారు.

ఇది మెట్ట ప్రాంతం. వాన కురిస్తే కంది, సజ్జ, ఆముదం, పత్తి. బోరులో నీళ్లున్నవాళ్లకు మిరప, బత్తాయి. కంభం చెరువు కింద వరి మినహాయిస్తే కాలువ నీళ్ల సేద్యం పెద్దగా లేదు. సంక్రాంతి దాటి కందులు ఇంటికి చేరాక చాలా ఇళ్లల్లో చేతికి పని ఉండదు. సరిగ్గా అప్పుడే పల్నాడు, గుంటూరు వైపు మిరప కోతలు ఊపందుకుంటాయి. హైదరాబాదులో, బెంగళూరులో బేల్దారి పని ఎటూ ఉంటుంది. కూలి మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే సగం ఖర్చయి ఉంటుంది. బియ్యం మూట, రెండు గిన్నెలు, దుప్పట్లు కట్టుకుని ట్రాలీ ఆటోల్లో, రాత్రి బస్సుల్లో బయల్దేరతారు.

గిద్దలూరు దాటాక ఒక పల్లెలో అలాంటి ఫిబ్రవరి ఒకటి చూశాను. వీధికి పది ఇళ్లుంటే నాలుగింటికి తాళాలు. ఆ నాలుగు తాళంచెవులూ ఒక పెద్దావిడ కొంగున ముడివేసి ఉన్నాయి. ఇంట్లో ఎంతమంది పెద్దమ్మా అంటే, "ఏడుగురం నాయనా" అంది. ఆ వెంటనే, "ఇప్పుడైతే నేనూ ఈ ఇద్దరు పిల్లోళ్లూ. పెద్దోడూ కోడలూ హైదరాబాదు పోయినారు. చిన్నోడూ వాని పెండ్లామూ మిరపకాయలకు పోయినారు, ఉగాదికి వస్తారు" అని సర్దింది.

జనగణన ఉద్యోగి ఆమె ఇంట్లో ఏడుగురిని రాయడు, ముగ్గురినే రాస్తాడు. తప్పు అతనిది కాదు. గణన సాగే ఆ కొన్ని వారాలూ పూర్తిగా ఊళ్లో లేనివారిని ఆ ఇంటి లెక్కలో చేర్చకూడదన్నది నిబంధన. ఎక్కడ పనిచేస్తున్నారో అక్కడ రాయాలి. 2011లోనూ గణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకే జరిగింది. మిరప చేను గట్టున పట్టా కట్టుకుని పడుకునేవాళ్ల దగ్గరికి, లేవని గోడల మధ్య వంట చేసుకునేవాళ్ల దగ్గరికి ఆ కాగితం చేరిందో లేదో ఎవరు చూశారు? చేరినా వాళ్లు గుంటూరు ఖాతాలోనో హైదరాబాదు ఖాతాలోనో పడతారు.

మన దగ్గర ఇలా ఉంటే, ఆస్ట్రేలియాలో గోధుమ పండించే జిల్లాల వివరాలు చూస్తే అసూయ కలుగుతుంది. ఐదేళ్లకోసారి లెక్క. మధ్యస్థ వయసు ఎంత, ఎవరు ఏ పని చేస్తున్నారు, ఇంట్లో ఎందరుంటారు అన్నవి చిన్న స్థానిక మండలి పరిధికి కూడా దొరుకుతాయి. 2021లో గణన ఆగస్టు 10న జరిగింది. అక్కడ ఆగస్టు చలికాలం. ఎక్కువమంది ఇంటిపట్టున ఉంటారనే ఆ నెల ఎంచుకుంటారు. పైగా ఆ రాత్రి ఎక్కడున్నారో ఒకటి, మామూలుగా ఉండే ఊరేదో మరొకటి, రెండూ అడిగి రెండు రకాలుగానూ లెక్క తీస్తారు. మన ఫారంలోనూ ఇంతకుముందు ఉన్న ఊరేదన్న ప్రశ్న ఉంది. కానీ జనాభా చేరేది మాత్రం ఆ సమయానికి మనిషి ఉన్న ఊరికే.

ఆ పెద్దావిడ ఇంట్లో నాలుగు పేర్లు జారిపోతే ఏమవుతుందంటారా? వెలిగొండ ప్రాజెక్టునే తీసుకోండి. 1996లో శంకుస్థాపన జరిగిన ఈ పథకం 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు అంటోంది. ఫ్లోరైడు నీళ్లకు ఎముకలు వంగిపోయిన కనిగిరి వైపు పల్లెలకు అది ప్రాణాధారం. తాగునీటి పైపు ఎంత లావుండాలో, ట్యాంకు ఎంత పెద్దది కట్టాలో జనాభాను బట్టే లెక్క వేస్తారు. వేసవిలో, నీళ్లు అన్నిటికంటే కరువైన రోజుల్లో, ఈ నాలుగు పేర్లూ తిరిగి ఆ ఇంట్లోనే బిందెలు పట్టుకుని నిలబడతాయి. రేపటి నియోజకవర్గాల పునర్విభజన కూడా ఈ సంఖ్యలనే ఆధారం చేసుకుంటుంది. 1970లో కర్నూలు నుంచి వచ్చి ఇప్పటి ప్రకాశంలో కలిసిన ఈ మార్కాపురం, గిద్దలూరు, కంభం సీమ యాభై ఏళ్లుగా జిల్లా కేంద్రం ఒంగోలు ఎంత దూరమో కొలుస్తూ బతికింది. 2025 నవంబరులో మార్కాపురం జిల్లా ఏర్పాటుకు ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. కొత్త జిల్లా మొదటి జనాభా లెక్కే తక్కువగా నమోదైతే దాన్ని సరిదిద్దుకునేందుకు మళ్లీ పదేళ్లు ఆగాలి.

సంఖ్య ఒక్కటే కాదు, బతుకు తీరు కూడా లెక్కకు రావాలి. మార్కాపురం పలకల పరిశ్రమ చూడండి. పొరలు పొరలుగా విడిపోయే రాయిని కోసి, నునుపు చేసి, చట్రం బిగించి దేశమంతటా బడులకు పంపిన ఊరు. ఆ దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఎన్నో. బడిపిల్లల చేతిలోకి నోటుపుస్తకాలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. ఆ పని వదిలిన కుటుంబాలు ఎటు వెళ్లాయో రాసినవాళ్లు లేరు. నల్లమలలో దోర్నాల, యర్రగొండపాలెం వైపు చెంచు గూడేల సంగతి మరింత దూరం. ఇక ఊళ్లో మిగిలేవాళ్లు ముసలివాళ్లు, పిల్లలు, గొర్రెల కాపరులు, రెండు గేదెలు పెట్టుకుని పాలు పోసే ఆడవాళ్లు. మనవళ్లకు అన్నం వండి బడికి పంపే నాయనమ్మ పనిని ఏ వృత్తి కిందా రాయరు. వలస వెళ్లినవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టారు కదా, ఏ ఊరికి ఎన్ని అవసరమో తెలియాలంటే ఎంతమంది వెళ్లారో ముందు తెలియాలి.

జనగణన నిబంధనను కలెక్టరు మార్చలేరు. కానీ సొంత లెక్క తీయించగలరు. విత్తనం వేసే రోజుల్లో, జూలైలో, దాదాపు అందరూ ఊళ్లోనే ఉంటారు. గ్రామ సచివాలయాల్లో సిబ్బంది ఉన్నారు, ఇంటింటి వివరాలూ చాలావరకు వాళ్ల దగ్గరున్నాయి. ఒక వలస రిజిస్టరు తెరవమనండి. ఇంటికి ఎందరు, అందులో ఏటా వెళ్లేదెవరు, ఏ నెలలో, ఏ ఊరికి, ఏ పనికి, ఏ మేస్త్రీ వెంట, అడ్వాన్సు ఎంత, పిల్లలు ఎవరి దగ్గర, తాగే నీళ్లు ఎక్కడివి. కొత్త జిల్లా కలెక్టరేటులో సమీక్షకు ఈ రిజిస్టరు బల్ల మీద ఉండాలి. ఫిబ్రవరి అంకెలు వచ్చిన రోజు పక్కపక్కన పెట్టి, ఊరూరికీ తేడా ఎంతో చూసి, నీళ్లకూ బడులకూ నిధులు అడిగేటప్పుడు రెండో అంకె కూడా ఢిల్లీకి పంపాలి.